పాత కారులో ఎర్ర లైట్: ఏది వెలిగితే ఆగాలి, ఏది వెలగకపోతే భయపడాలి

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఒక పాత కారులో కూర్చున్నారు. తాతగారి ప్రీమియర్ పద్మిని అనుకోండి, లేదా నాన్నగారి మారుతి 800 అనుకోండి. కీ తిప్పారు. ఇంకా సెల్ఫ్ కొట్టలేదు. మీటర్ బోర్డులో ఒక్క ఎర్ర లైట్ కూడా వెలగలేదు. ఇది మంచి విషయమా, చెడ్డ విషయమా?

నేను మా పాత ఆఫీసు ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఇదే ప్రశ్న పెట్టాను. అందరూ బీటెక్‌లు, ఎంటెక్‌లే. చాలామంది "లైట్లు లేవంటే ప్రాబ్లెమ్ లేనట్టేగా బ్రో" అన్నారు. కాదు. అన్నిటికంటే ఎక్కువ అనుమానించాల్సింది ఆ కారునే. ఎందుకో ఈరోజు మాట్లాడుకుందాం. చివరిదాకా ఉండండి. పాత కారు కొనాలనుకునేవాళ్లకి చివర్లో పనికొచ్చే విషయం ఉంది.

ఇంతకీ ఈ టాపిక్ ఇప్పుడెందుకంటే, మన ఐటీ కారిడార్‌లో పాత కార్ల మోజు బాగా పెరిగింది. కొండాపూర్‌లో, మాదాపూర్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్లకి వెళ్లి చూడండి. నాలుగు ఎస్‌యూవీల మధ్యలో కవర్ కప్పుకుని ఒక పద్మినో, అంబాసిడరో కనబడుతుంది. ఊళ్లో షెడ్డులో పడి ఉన్నదాన్ని తెచ్చి, రంగు వేయించి, ఆదివారం పొద్దున గండిపేట వైపు ఒక రౌండ్ వేసి రీల్ పెడుతున్నారు. మంచిదే. నాకూ ఇష్టమే. కానీ నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఇలా ఉంటాయి: "అన్నా, సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్ర లైట్ మిణుకు మిణుకుమంటోంది, మెకానిక్‌ని అడిగితే పాత బండి కదా, అంతే అంటున్నాడు."

"పాత బండి కదా, అంతే." ఈ ఒక్క మాట ఎన్ని ఇంజిన్లని తినేసిందో లెక్కలేదు. పాత బండి కాబట్టే ఆ లైట్‌ని నమ్మాలి. ఎలాగో చెప్తా.

ముందు మన కార్ల సంగతి

నేను ఇక్కడ క్లాసిక్ అని అంటున్నది మన రోడ్ల మీద పెరిగిన కార్ల గురించి. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో తయారైన హిందుస్థాన్ అంబాసిడర్. బ్రిటన్‌వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ మీద వచ్చింది, 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. ముంబయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని, అంటే ఇటలీవాళ్ల ఫియట్ 1100. 1089 సీసీ ఇంజిన్. ఇక మారుతి 800. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళం ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. మన హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్ నుంచే దాని అమ్మకం ఆగింది, కొత్త కాలుష్య నిబంధనల వల్ల. తయారీ పూర్తిగా ఆగింది 2014 జనవరిలో.

రూల్ ప్రకారం చూస్తే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన బండినే వింటేజ్ అంటారు. అలా చూస్తే 800 ఇంకా కుర్రదే. కానీ 1998లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఇక్కడ పార్కింగ్‌లో ఇవే ఉండేవి. మనకి ఇవి క్లాసిక్కే.

ఈ కార్లలో ఒక అందం ఉంది. మీ కొత్త కారులో లైట్ వెలిగితే, సెన్సర్ కంప్యూటర్‌కి చెప్తుంది, కంప్యూటర్ ఆలోచించి లైట్ వెలిగిస్తుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పాత కారులో మధ్యవర్తి ఎవరూ లేరు. ఒక బల్బు, ఒక వైరు, ఒక స్విచ్. అంతే సర్క్యూట్. అంటే లైట్ వెలిగితే దాని కారణాన్ని మీరు వేలితో పట్టుకుని చూడొచ్చు. ల్యాప్‌టాప్ పెట్టాల్సిన పనిలేదు, స్కానర్ అక్కర్లేదు.

కీ ఆన్ టెస్ట్: ఐదు సెకన్లు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. కీ ఆన్ చేశారు, ఇంజిన్ స్టార్ట్ కాలేదు. అప్పుడు కనీసం రెండు ఎర్ర లైట్లు వెలగాలి. ఒకటి ఆయిల్ ప్రెషర్ లైట్. రెండోది చార్జింగ్ లైట్, బ్యాటరీ బొమ్మ ఉంటుంది లేదా పాత వాటిలో ఊరికే ఎర్ర గాజు ఉంటుంది. ఆయిల్‌కి లైట్ బదులు ముల్లు ఉన్న మీటర్ ఉంటే ఆ ముల్లు సున్నా దగ్గర ఉండాలి.

ఎందుకు వెలగాలి? ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి ఆయిల్ ప్రెషర్ లేదు. డైనమో తిరగడం లేదు కాబట్టి చార్జింగ్ లేదు. రెండూ నిజంగానే లేవు. కాబట్టి రెండు లైట్లూ నిజమే చెప్తున్నాయి. సెల్ఫ్ కొట్టి ఇంజిన్ అందుకున్నాక రెండూ ఆరిపోవాలి.

కీ ఆన్‌లో లైట్ వెలగలేదంటే దాని అర్థం ఒకటే. ఆ కాపలాదారు నిద్రపోయాడు. బల్బు పోయి ఉండొచ్చు, వైరు ఊడి ఉండొచ్చు, స్విచ్ పాడై ఉండొచ్చు. ఇక ఆ తర్వాత దొంగ వచ్చినా మీకు ఎవరూ చెప్పరు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. నేను నైట్ ఆన్‌కాల్ డ్యూటీ చేసిన రోజుల్లో మాకు సీనియర్లు నేర్పిన మొదటి పాఠం ఇదే. రాత్రంతా ఒక్క అలర్ట్ రాలేదంటే సర్వర్లు బాగున్నాయని కాదు, ముందు అలర్ట్ పంపే సిస్టమ్ బతికుందో లేదో చూడు అని. అందుకే మానిటరింగ్‌లో హార్ట్‌బీట్ అని పెడతాం. "నేను ఉన్నాను, నేను ఉన్నాను" అని ప్రతి నిమిషం చెప్పే సిగ్నల్. పాత కారులో ఆ హార్ట్‌బీట్ ఈ ఐదు సెకన్ల కీ ఆన్. రోజూ పొద్దున అది చూడకుండా సెల్ఫ్ కొట్టకండి. చాలామంది కీ పెట్టిన వెంటనే ఒకే తిప్పుడులో స్టార్ట్ చేసేస్తారు. ఆ మధ్యలో ఒక్క క్షణం ఆగండి, చాలు.

ఆయిల్ లైట్: ఇది వెలిగితే ప్రశ్నలు వద్దు

అన్ని లైట్లలో పెద్దది ఇది. చాలామంది ఇది ఆయిల్ తగ్గిందని చెప్పే లైట్ అనుకుంటారు. కాదు. ఇది ప్రెషర్ లైట్. ఇంజిన్ బ్లాక్‌కి ఒక చిన్న స్విచ్ బిగించి ఉంటుంది, దాని మీద ఒకే ఒక వైరు ఉంటుంది. ప్రెషర్ లేనప్పుడు ఆ స్విచ్ వైరుని ఇంజిన్ బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుంది, లైట్ వెలుగుతుంది. ప్రెషర్ రాగానే లోపలి పలచటి పొర పైకి లేచి కాంటాక్ట్ విడిపోతుంది, లైట్ ఆరిపోతుంది.

ఇక్కడ అసలు మర్మం వినండి. ఆ స్విచ్ సాధారణంగా అర బార్‌కి అటూ ఇటూ ప్రెషర్ వస్తేనే ఆరిపోతుంది. కానీ రోడ్డు మీద వేడెక్కి పరిగెత్తే ఇంజిన్‌కి మామూలుగా రెండు, మూడు బార్ కావాలి. అంటే లైట్ ఆరిందంటే "ప్రెషర్ బాగుంది" అని కాదు, "ప్రెషర్ సున్నా కాదు" అని మాత్రమే. మరి లైట్ వెలిగిందంటే? ముందే హెచ్చరించడం కాదు, ప్రమాదం అప్పటికే ఇంట్లోకి వచ్చేసిందని.

ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ బేరింగ్ మీద నేరుగా ఆనుకుని తిరగదు. మధ్యలో సన్నటి ఆయిల్ పొర ఉంటుంది, దాని మీద తేలుతూ తిరుగుతుంది. ప్రెషర్ పోతే ఆ పొర పోతుంది. లోహం లోహాన్ని రాసుకుంటుంది. మనం "ఇంటికి నాలుగు కిలోమీటర్లేగా, మెల్లగా వెళ్దాం" అనుకుంటాం. ఆ నాలుగు కిలోమీటర్లలో ఇంజిన్ పట్టేస్తుంది. కొన్ని వందల రూపాయల స్విచ్‌తోనో, ఒక డబ్బా ఆయిల్‌తోనో పోయేది, ఇంజిన్ మొత్తం విప్పి బోర్ చేయించే దాకా వస్తుంది. పైగా ఈ బళ్లకి పార్ట్‌లు అడగ్గానే దొరకవు. రాణిగంజ్‌లో షాపు షాపు తిరగాలి.

కాబట్టి నడుస్తుండగా ఆయిల్ లైట్ వెలిగితే క్లచ్ తొక్కండి, ఎడమవైపుకి రండి, ఇంజిన్ ఆపండి. కీ బయటికి తీయకండి, చాలా కార్లలో స్టీరింగ్ లాక్ పడిపోతుంది. బండి ఆగాక కొన్ని నిమిషాలు ఆగి డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ లేకపోతే పోయండి. పోశాక స్టార్ట్ చేస్తే లైట్ వెంటనే ఆరిందా, సరే, ఆయిల్ ఎక్కడికి పోయిందో కనుక్కోవడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆయిల్ నిండుగా ఉండి కూడా లైట్ వెలుగుతోందా? స్టార్ట్ చేయొద్దు. టోయింగ్ పిలవండి.

ఇప్పుడు ఆ మిణుకు మిణుకు సంగతి. ఇంజిన్ బాగా వేడెక్కాక, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సిగ్నల్‌లో నిలబడి ఉండగా ఆయిల్ లైట్ కొట్టుకుంటుంది, కాస్త రేజ్ ఇస్తే ఆరిపోతుంది. కారణాలు నాలుగు. ఆయిల్ తగ్గి ఉండొచ్చు. ఆయిల్ మరీ పలచగా ఉండొచ్చు. కొత్త కార్లకి వాడే 0డబ్ల్యూ-20 లాంటి ఆయిల్‌ని "కాస్ట్‌లీది కదా, మంచిది" అని పాత ఇంజిన్‌లో పోసేవాళ్లు ఉన్నారు, దయచేసి వద్దు, ఆ బండి పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయండి. మూడోది, స్విచ్ పాడై ఉండొచ్చు. నాలుగోది, బేరింగ్‌లు అరిగి ఉండొచ్చు. ఏదో తేల్చాలంటే, స్విచ్ విప్పి అక్కడ ప్రెషర్ గేజ్ పెట్టి కొలవమని మెకానిక్‌ని అడగండి. పది నిమిషాల పని. కొలవకుండా "పాత బండి కదా, అంతే" అనేవాళ్లని మాత్రం నమ్మకండి.

ఇంకొకటి. మలుపు తిరిగేటప్పుడు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు మాత్రమే ఒక్క క్షణం వెలిగి ఆరితే, చాలావరకు ఆయిల్ లెవెల్ తక్కువగా ఉందని అర్థం. ఆయిల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తోంది.

చార్జింగ్ లైట్: ఇది మాట్లాడే లైట్

రెండో ఎర్ర లైట్. దీని పని నాకు చాలా నచ్చుతుంది. ఈ బల్బుకి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క డైనమో లేదా ఆల్టర్నేటర్. రెండు పక్కలా ఓల్టేజ్ సమానంగా ఉంటే కరెంట్ ఎటూ పోదు, లైట్ ఆరిపోతుంది. తరాజులో రెండు పళ్లేలు సమానం అయినట్టు. ఎటైనా తేడా వస్తే వెలుగుతుంది. తేడా ఎక్కువైతే గట్టిగా, తక్కువైతే మసకగా.

డైనమో ఉన్న పాత అంబాసిడర్, ఫియట్‌లలో ఐడ్లింగ్‌లో ఈ లైట్ కొద్దిగా మెరవడం మామూలే. డైనమో నెమ్మదిగా తిరిగేటప్పుడు చాలినంత కరెంట్ ఇవ్వలేదు. రేజ్ ఇస్తే ఆరిపోవాలి. కానీ ఆల్టర్నేటర్ ఉన్న కారులో, అంటే మారుతి 800లో, ఎప్పుడూ మసకగా వెలుగుతూ ఉంటే అది మామూలు కాదు. లోపల డయోడ్ పోయిందో, ఎక్కడో కనెక్షన్ తుప్పు పట్టిందో చూపించుకోవాలి.

నడుస్తుండగా ఈ లైట్ పూర్తిగా వెలిగితే? మొదటి ప్రశ్న: ఫ్యాన్ బెల్ట్ ఉందా, తెగిందా? అంబాసిడర్‌లో, పద్మినిలో ఒకే బెల్ట్ డైనమోని, నీళ్ల పంపుని, రేడియేటర్ ఫ్యాన్‌ని తిప్పుతుంది. అది తెగితే చార్జింగ్ ఒక్కటే కాదు, ఇంజిన్ చల్లబడటం కూడా ఆగిపోతుంది. అందుకే చార్జింగ్ లైట్ వెలగగానే మీ కన్ను టెంపరేచర్ ముల్లు మీదకి పోవాలి. బానెట్ ఎత్తి చూడండి. బెల్ట్ తెగి ఉంటే అక్కడే ఆపేయండి.

బెల్ట్ గట్టిగానే ఉంది, లైట్ మాత్రం వెలుగుతోంది. అప్పుడు మీ చేతిలో కాస్త టైమ్ ఉంది. లెక్క చూడండి. పాత కార్బురేటర్ కారులో ఇగ్నిషన్ కాయిల్‌కి మూడు నాలుగు యాంపియర్లు చాలు. రెండు హెడ్‌లైట్లు వేస్తే? ఒక్కోటి 55 వాట్లు, రెండూ కలిపి 110. పన్నెండుతో భాగిస్తే తొమ్మిది యాంపియర్లు పైనే. అంటే పగలైతే, బ్యాటరీ మంచిదైతే, ఏసీ, స్టీరియో, లైట్లు ఆపేసి గచ్చిబౌలి నుంచి మియాపూర్‌లో ఇంటికి చేరుకోవచ్చు. రాత్రి, వాన, వైపర్లు, హెడ్‌లైట్లు అయితే ఆ లెక్క మూడో వంతుకి పడిపోతుంది. ఇంజిన్ మాత్రం మధ్యలో ఆపకండి, మళ్లీ సెల్ఫ్ తిరగడానికి బ్యాటరీలో ఏమీ మిగలకపోవచ్చు.

వానాకాలంలో ఇంకో విచిత్రం. నీళ్లు నిలిచిన చోట దాటగానే కీచుమని శబ్దం వచ్చి, చార్జింగ్ లైట్ కాసేపు వెలిగి ఆరిపోతుంది. బెల్ట్ తడిసి జారింది. ఆరాక కూడా కీచుమంటే బెల్ట్ వదులైంది, టైట్ చేయించండి.

ఇప్పుడు మన కుర్రాళ్లకి ముఖ్యమైన మాట. ఎల్‌ఈడీ మోజు. మీటర్ బోర్డు అందంగా కనబడాలని లోపలి బల్బులన్నీ పీకి ఎల్‌ఈడీలు పెడుతున్నారు. చార్జింగ్ లైట్ జోలికి మాత్రం పోకండి. చాలా ఆల్టర్నేటర్లు తిరగడం మొదలవగానే వాటంతట అవి కరెంట్ పుట్టించవు. మొదట్లో కొంచెం కరెంట్ బయటి నుంచి కావాలి. ఆ కరెంట్ వెళ్లేది ఈ బల్బు గుండానే. రెండు మూడు వాట్ల చిన్న బల్బు. దాని బదులు ఎల్‌ఈడీ పెడితే, లేదా ఆ బల్బు మాడిపోతే, ఆల్టర్నేటర్ మేలుకోకపోవచ్చు. అంటే లైట్ పోవడం వల్లే చార్జింగ్ పోతుంది. బ్యాటరీ దిగిపోయింది, కొత్త బ్యాటరీ కొన్నారు, అదీ దిగిపోయింది, ఆల్టర్నేటర్ మార్చారు. అసలు దోషం ఇరవై రూపాయల బల్బుది.

టెంపరేచర్ ముల్లు: కింద పడితే సంతోషించకండి

ఈ కార్లలో వేడికి చాలావరకు లైట్ ఉండదు, ముల్లు ఉంటుంది. ఎర్ర గీత వైపు పోతే ఏం చేయాలో చాలామందికి తెలుసు. ఏసీ ఆపండి, పక్కకి తీసి ఇంజిన్ ఆపండి, చల్లారనివ్వండి. రేడియేటర్ మూత వేడిగా ఉండగా తిప్పొద్దు. లోపల నీళ్లు ప్రెషర్‌లో ఉంటాయి, 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదకి ఎగజిమ్ముతాయి.

తెలియంది ఇంకొకటి ఉంది. ముల్లు పైకి పైకి పోయి, అకస్మాత్తుగా కిందకి పడిపోయింది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుంటాం. ఇంజిన్ అంత తొందరగా చల్లబడదు. ఆ సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. నీళ్లన్నీ పోతే అది గాలిలో వేలాడుతూ తప్పు చెప్తుంది. అంటే ముల్లు పడిపోవడం అన్నిటికంటే పెద్ద హెచ్చరిక కావచ్చు. వెంటనే ఆపండి.

బ్రేక్ లైట్, ఉంటే

కొంచెం తర్వాతి కార్లలో ఒక ఎర్ర లైట్ రెండు పనులు చేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటే వెలుగుతుంది, బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించాక కూడా వెలుగుతుంటే బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే బండి కదపొద్దు.

మొదటి తరం అంబాసిడర్, ఫియట్‌లలో అసలు ఈ లైటే లేదు. పైగా నాలుగు చక్రాలకీ ఒకే బ్రేక్ లైను. ఒక్క చక్రం దగ్గర లీకైతే నాలుగూ పోతాయి. కాబట్టి ఆ కార్లకి లైట్ మీరే. వారానికోసారి డబ్బాలో లెవెల్ చూడటం, చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడటం, బయలుదేరేముందు పెడల్ ఒకసారి తొక్కి చూడటం.

రెండు లైట్లు కలిసి పిచ్చెక్కితే

ఎడమ ఇండికేటర్ వేస్తే ఆయిల్ లైట్ కూడా దాంతో పాటు కొట్టుకుంటోంది. లేదా హెడ్‌లైట్ వేయగానే పెట్రోల్ ముల్లు కదిలింది. ఇంజిన్‌కీ ఇండికేటర్‌కీ సంబంధమే లేదు కదా. సంబంధం లేని రెండు ఒకేసారి తేడా చేస్తే, ఆ రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకండి. చాలావరకు అది మీటర్ బోర్డు వెనక ఎర్త్ వైరు, లేదా ఫ్యూజు. తుప్పు గీకి గట్టిగా బిగిస్తే సరిపోతుంది. పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తే, కొన్ని పాత కార్లలో ఆ రెండిటికీ ఓల్టేజ్ ఇచ్చే చిన్న స్టెబిలైజర్ ఉంటుంది, అది పోయి ఉండొచ్చు.

ఇక నీలం లైట్. అది రోగం కాదు, హైబీమ్. ఊళ్లో సగం మంది అది వెలిగించుకునే తిరుగుతారు. ఎదుటివాడి కళ్లలో కొట్టకండి, దించండి. ఆకుపచ్చ ఇండికేటర్ లైట్ కొట్టుకునే వేగం మారినా, ఆగిపోయినా బయట ఒక బల్బు పోయిందని చూసుకోండి.

ఎక్కడ ఆగాలి?

ఇది మన ఊరి సమస్య. ఆగండి ఆగండి అని నేను సులువుగా చెప్తున్నాను. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉన్నారనుకోండి. 11.6 కిలోమీటర్ల పొడవు, పైన పక్కకి తీసే చోటు దొరకడం కష్టం. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద కూడా అంతే. ఓఆర్‌ఆర్ 158 కిలోమీటర్లు, పక్కన లారీలు దూసుకుపోతుంటాయి. అందుకే పాత కారుతో ఇలాంటి చోటికి ఎక్కే ముందు, ర్యాంప్ కింద ఉండగానే ఒకసారి మీటర్ బోర్డు చూడండి. అనుమానం ఉంటే కింద రోడ్డులోనే వెళ్లండి.

పైన ఉండగా వెలిగితే లెక్క ఇది. చార్జింగ్ లైట్ ఒక్కటే, ముల్లు మామూలుగా ఉంటే, తర్వాతి ర్యాంప్ దాకా వెళ్లి దిగండి. ఆయిల్ లైట్ అయితే ఉన్న వేగంతోనే క్లచ్ తొక్కి, ఎడమ చివరకి జారి ఆగండి. ఇంజిన్ ఆపాక, బ్రేక్‌కి బూస్టర్ ఉన్న కారైతే ఒకటి రెండు సార్లు తొక్కాక పెడల్ బిగుసుకుంటుంది. గట్టిగా తొక్కితే పనిచేస్తుంది, భయపడకండి. పాత బళ్లలో హజార్డ్ స్విచ్ ఉండకపోవచ్చు, ఎడమ ఇండికేటర్ వేయండి. వెనక రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టండి. మనుషులు కారులో కూర్చోవద్దు, రెయిలింగ్ వైపు దిగి కారుకి దూరంగా నిలబడండి. ఇంజిన్ పోతే మళ్లీ కట్టించుకోవచ్చు. ప్రాణం పోతే కట్టించుకోలేం కదా.

కొనేవాళ్లకి

ఇందాక చెప్తానన్న విషయం ఇది. నా ఫ్రెండ్ ఒకడు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తాడు, పాత పద్మిని ఒకటి చూడ్డానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. బండి ముత్యంలా ఉంది. పెయింట్, సీట్లు, క్రోమ్, అన్నీ మెరుస్తున్నాయి. మావాడు అడ్వాన్స్ ఇవ్వడానికి ఫోన్ కూడా తీశాడు. కీ ఆన్ చేశాను. చార్జింగ్ లైట్ వెలిగింది. ఆయిల్ లైట్ వెలగలేదు.

"అంకుల్, ఇది వెలగట్లేదేంటి?" అన్నాడు మావాడు.

"బల్బు ఎప్పుడో పోయింది బాబూ. పాత బండి కదా, అంతే."

బానెట్ ఎత్తి, బ్లాక్ మీద స్విచ్ వెతికి, దాని వైరు పీకి, కీ ఆన్‌లోనే ఇంజిన్ బాడీకి తాకించాం. బల్బు బాగుంటే అప్పుడు వెలగాలి. వెలగలేదు. ఆయన్ని అడిగి మీటర్ బోర్డు వెనక చెయ్యి పెట్టి హోల్డర్ లాగాం. హోల్డర్‌లో బల్బే లేదు. పక్కన ఉన్న ఇంకో బల్బు తీసి అందులో పెట్టాం. కీ ఆన్‌లో వెలిగింది, స్టార్ట్ చేస్తే ఆరింది. ఇరవై నిమిషాలు ఆ కాలనీలోనే తిప్పి, ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో పెట్టాం. ఎర్ర లైట్ మిణుకు మిణుకుమంది. చెవి దగ్గర పెట్టి వింటే కింది నుంచి టక టక టక.

ఆయన కావాలని బల్బు తీశారా, అంతకుముందు యజమాని తీశారా, మాకు తెలియదు. ఎవరినీ దొంగ అనడం లేదు. కానీ ఆ రెండున్నర వాట్ల బల్బు లేకపోవడంతో ఇంజిన్ ఖర్చంతా కొనేవాడి నెత్తిన పడబోయింది. మావాడు ఆ ధరకి వద్దని చెప్పి వచ్చేశాడు.

కాబట్టి కొనేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామనండి. కీ ఆన్‌లో లైట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. స్టార్ట్ చేశాక ఏది ఎప్పుడు ఆరిందో చూడండి. రెండు లైట్లు సరిగ్గా ఒకే క్షణంలో, కవలపిల్లల్లా వెలిగి ఆరుతుంటే అనుమానించండి, ఒకదాని వైరు ఇంకోదానికి కలిపి ఉండొచ్చు. ఆయిల్ స్విచ్ వైరు తీసి ఎర్త్‌కి తాకించి చూడండి. చివరగా, బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు వేసి రెండు నిమిషాలు చూడండి. ఇవన్నీ చేయడానికి అరగంట చాలు. అమ్మేవాళ్లు మంచివాళ్లైతే కాదనరు.

సరే ఫ్రెండ్స్, మొత్తం మర్చిపోయినా మూడు గుర్తుపెట్టుకోండి. ఆయిల్ లైట్ వెలిగితే ఇంజిన్ ఆపాలి, ఇంటిదాకా అనకూడదు. చార్జింగ్ లైట్ వెలిగితే ముందు బెల్ట్, ముల్లు చూడాలి. కీ ఆన్‌లో వెలగాల్సిన లైట్ వెలగకపోతే, అది బాగయ్యేదాకా ఆ కారు బయటికి తీయకూడదు.

ఇంట్లో పాత కారు ఉన్నవాళ్లు ఈ రాత్రే సెల్లార్‌లోకి దిగి కీ ఆన్ చేయండి. ఎన్ని లైట్లు వెలిగాయో, ఏ కారో కామెంట్లో రాయండి. ఫోటో పెడితే ఇంకా మంచిది, నాకు తెలిసినంతవరకు జవాబు ఇస్తాను. ఊళ్లో నాన్నగారో, తాతగారో ఇంకా ఆ బండి నడుపుతుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. చాలామందికి ఇందులో సగం ఎప్పుడో తెలుసు, వాళ్ల దగ్గర మిగతా సగం మీరు నేర్చుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ డైనమో పక్కనుండే నల్ల డబ్బా, అదే కటౌట్, దాన్ని విప్పి చూద్దాం. అంతవరకు సేఫ్‌గా నడపండి. ఉంటాను, బై.